బీరువా ఎక్కడ పెట్టాలి?

నల్లగొండ నుంచి ఒక ప్రైవేటు స్కూలు టీచరు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి, పేర్లు మార్చి, సారాంశం ఇస్తున్నాను.

ఆమెకు 36 ఏళ్ళు. డిగ్రీలో కలిసిన నలుగురు స్నేహితురాళ్ళు ఇప్పటిదాకా విడిపోలేదు. సల్మా ముస్లిం. గ్రేస్ క్రైస్తవురాలు. శాంత దేవరకొండ వైపు తండా నుంచి వచ్చి నర్సుగా స్థిరపడ్డ లంబాడా అమ్మాయి. పానగల్ కట్ట మీద సాయంత్రాలు, లతీఫ్ సాబ్ గుట్ట ఉర్సుకు కలిసి మెట్లెక్కడాలు, ఒకరి కాన్పుకు ఇంకొకరు ఆస్పత్రిలో కింద చాప వేసుకొని పడుకోవడాలు. ఇవన్నీ రెండు పేజీల నిండా రాశారు.

క్రిస్మస్ తెల్లారి గ్రేస్ ఇంట్లో కలిశారు. కేకు కోస్తుంటే సల్మా ఉన్నట్టుండి ఇట్లా అన్నది: “మా ఆయన ఇంకో బీరువా కొన్నడే. ఎక్కడ పెడదామని నన్నే అడిగిండు.” బత్తాయి వ్యాపారం చేసే ఆమె భర్త, మిర్యాలగూడలో భర్త చనిపోయిన ఒకామెను రంజాన్ తర్వాత నికా చేసుకొని అదే ఇంటికి తెస్తానన్నాడట. దిక్కులేని ఆడదానికి నీడనిస్తే సవాబు (పుణ్యం) వస్తుందని, ఇద్దరినీ సమానంగా చూస్తానని చెప్పాడట. సల్మాకు ముగ్గురు పిల్లలు.

ఇక మాటలు మొదలయ్యాయి. గ్రేస్: “మా దాంట్ల ఒక్కరికి ఒక్కరే, దేవుని ముందు ప్రమాణం చేసినంక ముగిసింది.” శాంత: “మా తాతకు ఇద్దరే. తండాల ఇది కొత్తేం కాదు, సర్దుకుంటది తీ.” ఉత్తరం రాసినామె: “మీ మతంల ఆడోళ్ళకు విలువే లేదు. నలుగురిని చేసుకోమని రాసిపెట్టినంక ఆయననేం అంటవ్?”

సల్మా చేతిలో ప్లేటు కింద పెట్టి, “మీ నాయినకు ఇద్దరెట్లయిరే?” అని అడిగి లేచి వెళ్ళిపోయింది. వాట్సాప్ గ్రూపులోంచి బయటికి వెళ్ళింది. ఐదు వారాలుగా ఫోన్ ఎత్తడం లేదు.

చివరి పేజీలో తండ్రి సంగతి రాశారు. మొదటి భార్యకు తొమ్మిదేళ్ళు పిల్లలు కాలేదు. 1986లో ఆమె చెల్లెలినే ఇచ్చి చేశారు. ఆ చెల్లెలి బిడ్డే ఈమె. “మాది వేరు మేడమ్. పెద్దమ్మే ఇష్టపడి మా అమ్మను చేసింది. ఇద్దరూ ఏనాడూ కొట్లాడుకోలేదు. పెద్దమ్మ వసారాల మంచం మీదనే పడుకునేది, నడిమింట్లకు కూడా వచ్చేది కాదు, అంత మంచి మనిషి. దాన్నీ దీన్నీ ఒక గాటన కట్టడం న్యాయమేనా?” తండ్రి నాలుగేళ్ళ కింద పోయారు. పెద్దమ్మ, అమ్మ ఇప్పటికీ నకిరేకల్ దగ్గర ఊళ్ళో ఒకే ఇంట్లో ఉన్నారు.

ఆమె ప్రశ్నలు: “నేనన్నది తప్పా? క్షమాపణ అడిగితే వాళ్ళాయన చేసేది ఒప్పుకున్నట్టు కాదా? సల్మాను కొట్లాడమని చెప్పాల్నా, సర్దుకోమని చెప్పాల్నా?”

అమ్మా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఎవరెవరు ఏమన్నారో అన్నీ రాశారు. గ్రేస్ మాట, శాంత మాట, మీ మాట, మీ స్టాఫ్‌రూమ్‌లో ఎవరో అన్న మాట, సల్మా భర్త మాట. సల్మా మాట్లాడినవి రెండే రెండు ఉన్నాయి. ఒకటి బీరువా గురించి, రెండోది మీ నాయిన గురించి. రెండోది మీకు తగిలింది కాబట్టి అది పట్టుకున్నారు. మొదటిది ఎవరూ పట్టుకోలేదు.

పదిహేనేళ్ళు కాపురం చేసిన మనిషి, సవతి బట్టలు పెట్టుకునే బీరువా ఏ గదిలో, ఏ గోడకు ఆనించాలో నన్నే చెప్పమన్నాడు అని మీకు చెప్పింది. ఏడుపు రాకుండా చెప్పడానికి ఎన్ని రోజులు లోపల తిప్పుకొని ఉంటుందో. దాని మీద ముగ్గురు స్నేహితురాళ్ళు మూడు మతాల వాదన పెట్టారు. ఆమెకు ఏం కావాలని అడిగినట్టు ఎనిమిది పేజీల్లో ఎక్కడా లేదు.

మీరు అడిగారు కాబట్టి మతం సంగతి చూద్దాం. “నలుగురిని చేసుకోమని రాసిపెట్టిన్రు” అన్నారు. రాసింది అట్లా లేదు. ఖురాన్‌లో నిసా అధ్యాయం 3వ వాక్యం అనాథల మాటతో మొదలవుతుంది. ఇద్దరు, ముగ్గురు, నలుగురు అని చెప్పి, న్యాయంగా చూడలేమన్న భయముంటే ఒక్కరినే చేసుకోమంటుంది. అదే అధ్యాయం 129వ వాక్యం, ఎంత కోరుకున్నా భార్యల మధ్య సమన్యాయం మీవల్ల కాదంటుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి, అసలు ఒక్కరే చాలన్నది దాని ఉద్దేశమని చెప్పిన ముస్లిం పండితులున్నారు. షరతులతో అనుమతి ఉన్నట్టేనని చెప్పినవారూ ఉన్నారు. సల్మా భర్త మొదటి వాక్యంలో ముందు సగం దగ్గర ఆగిపోయాడు. మీరూ అక్కడే ఆగారు.

ఇంకో సంగతి. అక్కాచెల్లెళ్ళిద్దరినీ ఒకేసారి భార్యలుగా ఉంచుకోవడం ఖురాన్‌లో నిషిద్ధం. అంటే మీ ఇంట్లో “వేరు” అని మీరంటున్నది సల్మా మతంలో అసలు కుదరదు. ఆమెకు మీ నాయిన సంగతి పద్దెనిమిదేళ్ళుగా తెలుసు. ఒక్కనాడూ ఎత్తలేదు. ఎత్తిన రోజు ఏం జరిగిందో మీరే రాశారు.

గ్రేస్ చెప్పినట్టు చర్చిలో ప్రమాణం ఒక్కరితోనే. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కూడా జీవించి ఉన్న భార్య ఉండగా ఇంకో పెండ్లి ఒప్పుకోదు. కానీ బైబిల్ పాత నిబంధనలో యాకోబుకు లేయా, రాహేలు ఇద్దరూ భార్యలే, వాళ్ళూ అక్కాచెల్లెళ్ళే. భార్య బతికుండగా ఆమె చెల్లెలిని సవతిగా తెచ్చుకోవద్దని లేవీయకాండంలో ఉంది. మన వైపు సంగతి చెప్పనే అక్కర్లేదు. దశరథుడికి ముగ్గురు. మన మల్లన్నకు ఒకపక్క మేడలమ్మ, ఒకపక్క గొల్ల కేతమ్మ. ఒగ్గు వాళ్ళు డోలు కొట్టి ఆ కథ చెబుతుంటే జనం పొద్దుదాకా కూచొని వింటారు. అట్లాగని మల్లన్నను చూపించి ఎవడైనా ఇంకో పెండ్లి చేసుకుంటానంటే మనమే చీపురు తిరగేస్తాం. దేవుడి కథ ఇంటి కాపురానికి అనుమతి పత్రం కాదని మన దాంట్లో మనకు తెలుసు. పక్కవాళ్ళ దగ్గరికి వచ్చేసరికే మరిచిపోతాం.

లెక్కలూ చెప్పుకుందాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తమ భర్తకు ఇంకో భార్య ఉందని చెప్పిన స్త్రీలు హిందువుల్లో నూటికి 1.3, ముస్లింలలో 1.9. 1961 జనాభా లెక్కలప్పుడు హిందువుల్లో 5.8, ముస్లింలలో 5.7, ఆదివాసీల్లో 15 పైచిలుకు అని తేలింది. “చిన్నిల్లు” అని మనం ముసిముసిగా నవ్వే వ్యవహారాలు ఈ లెక్కల్లోకి ఎన్ని వచ్చి ఉంటాయో మీరే అనుకోండి.

తేడా ఉన్నది చట్టంలో. 1955 హిందూ వివాహ చట్టం వచ్చాక హిందువుకు భార్య బతికి ఉండగా, విడాకులు లేకుండా రెండో పెండ్లి చెల్లదు, పైగా నేరం. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద 7 ఏళ్ళ దాకా శిక్ష, మొదటి పెండ్లి దాచిపెట్టి చేసుకుంటే 10 ఏళ్ళ దాకా. దీన్ని తప్పించుకోవడానికి మతం మార్చుకొని రెండో పెండ్లి చేసుకున్న మగవాళ్ళ కేసులో, అట్లా మారినా నేరం నేరమేనని సుప్రీంకోర్టు 1995లో తేల్చింది. షెడ్యూల్డ్ తెగలకు ఆ చట్టం వర్తించదు. శాంత వాళ్ళ తండాలో రెండో పెండ్లి సంగతి వాళ్ళ ఆచారం ఏం చెబుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. ముస్లింలకు 1937 షరియత్ చట్టం ప్రకారం నలుగురి దాకా అనుమతి ఉంది. కాబట్టి రంజాన్ తర్వాత జరగబోయే ఆ నికాను ఏ పోలీసు స్టేషన్‌కు పోయినా ఆపలేరు. ఈ మాట సల్మాకు మీకన్నా ముందే తెలుసు.

ఇక మీ నాయిన పెండ్లి. 1986 అన్నారు. అది 1955 తర్వాత కదా. చట్టం దృష్టిలో మీ అమ్మ పెండ్లి చెల్లదు. ఇది రాయడానికి నా చెయ్యి ఆగింది, కానీ మీకు తెలియకుండా ఉంటే రేపు పట్టా మార్పిడి దగ్గర ఎవరో మొహం మీద చెబుతారు. మీరు, మీ తమ్ముడు మాత్రం చట్టం దృష్టిలో సక్రమ సంతానమే. తండ్రి ఆస్తిలో మీకు వాటా ఉంది. 2023లో సుప్రీంకోర్టు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో తండ్రికి వచ్చే వాటాకు కూడా దాన్ని వర్తింపజేసింది. భార్యగా వాటా పెద్దమ్మకు వస్తుంది, మీ అమ్మకు రాదు. ఆ ఇద్దరూ బతికుండగానే కూర్చొని, భూమి ఎవరెవరి పేర ఎట్లా ఉండాలో ఒక వకీలుతో కాగితం మీద పెట్టుకోండి.

పెద్దమ్మ ఇష్టపడి చేసిందన్నారు. అది మీకెవరు చెప్పారు? పెద్దమ్మా, మీ నాయినా, అమ్మా? తొమ్మిదేళ్ళు పిల్లలు కాని ఆడదానికి ఆ ఇంట్లో “వద్దు” అనే వీలుందా? పరాయి ఆడదొచ్చి తనను గెంటేసేకన్నా సొంత చెల్లెలొస్తే మూలకైనా ఉండనిస్తుందని లెక్క చూసుకొని ఒప్పుకున్న అక్కలు మన ఊళ్ళల్లో ఎంతమంది లేరు! వసారాలో మంచం, నడిమింట్లోకి రాకపోవడం ఆమె మంచితనానికి సాక్ష్యంగా రాశారు. నాకు ఆ వాక్యం చదువుతుంటే సల్మా భర్త కొన్న బీరువానే కనిపించింది. మీ పెద్దమ్మకూ ఏదో ఒకరోజు మంచం ఎక్కడ వేయాలన్న ప్రశ్న వచ్చి ఉంటుంది.

నేను ఊహిస్తున్నాను. తప్పు కావచ్చు. ఆమె నిజంగానే ఇష్టపడి ఉండొచ్చు, మిమ్మల్ని కన్నబిడ్డలా పెంచింది అబద్ధం కాదు. తెలుసుకోవాలంటే ఆమెనే అడగాలి. అడిగితే మీ చిన్నతనం మొత్తం ఇంకో రంగులో కనబడే ప్రమాదముంది, మీ అమ్మ మీద కూడా చిన్న నీడ పడుతుంది. అడగకపోతే “మాది వేరు” అన్న మాట మీద జీవితమంతా నిలబడాలి. దేనికైనా తొందరేమీ లేదు. ఒక్కటి మాత్రం వద్దు. పెద్దమ్మను ఉదాహరణగా చూపించి సల్మాకు “సర్దుకుపో” అని చెప్పొద్దు.

సమానంగా చూస్తాననే మాటకు నా దగ్గరున్న జవాబు ఒక పెట్టె. చిన్నప్పుడు అచ్చంపేట దగ్గర మా మేనత్త ఊళ్ళో, వాళ్ళ పక్కింట్లో రెండు పొయ్యిలుండేవి. ఆ ఇంటాయనకు ఇద్దరు పెండ్లాలు. హిందువులే. దసరాకు ఇద్దరికీ ఒకే నేత, ఒకే రంగు, ఒకే అంచు చీర తెచ్చేవాడు. ఊరంతా ఆయన ధర్మాన్ని మెచ్చుకునేది. పెద్దామె పోయినరోజు పెట్టె తెరిస్తే ఇరవై రెండు చీరలు బయటపడ్డాయి. ఒక్కదానికీ మడత విప్పలేదు. చిన్నామె వాటిని ఒక్కొక్కటిగా తీసి ఒళ్ళో పెట్టుకొని కూచుంది. ఏడ్చిందో లేదో నాకు గుర్తులేదు, నేను చీరలే చూస్తున్నాను.

ఇప్పుడు మీరేం చేయొచ్చు.

ఊరుకోవచ్చు. కోపం తగ్గాక ఆమే వస్తుందని ఎదురుచూడొచ్చు. మీ అభిమానానికి అది సులువు. కానీ నికా దాకా ఆమె చుట్టూ ఉండేది అత్త, ఆడబిడ్డలు, “సబర్ చెయ్యి, ఓర్చుకో” అనేవాళ్ళే. సొంత మనిషి అవసరమైన నెల అది. తర్వాత కలిసినా ఆ నెలలో మీరు లేరన్నది ఉండిపోతుంది.

క్షమాపణ అడగొచ్చు. అడిగితే వాళ్ళాయనను ఒప్పుకున్నట్టవుతుందా అన్నారు. ఎట్లా అవుతుంది? మీరు క్షమాపణ అడిగేది ఆమె మతాన్ని ఆమె మొగుడి చేతిలో పెట్టి మాట్లాడినందుకు. ఆయన చేసేదాని మీద మీ అభిప్రాయం మీ దగ్గరే ఉంచుకోవచ్చు, అడిగితే చెప్పొచ్చు. నా అభిప్రాయం అడిగితే, నాకు నచ్చలేదు. ఆమె ఒప్పుకోలు లేకుండా ఆమె ఇంట్లోకే తేవడం ఇంకా నచ్చలేదు. కానీ ఆ కాపురం నాది కాదు, మీదీ కాదు.

కొట్లాడమని మీరు చెప్పొద్దు, సర్దుకోమనీ చెప్పొద్దు. ఏమేం దారులున్నాయో తెలిసి ఉంటే మాత్రం పనికొస్తారు. నికాకు ముందైతే రెండు వైపుల పెద్దమనుషులను కూచోబెట్టి వేరే ఇల్లు, నెలకింత అని రాయించుకోవడం, ఉన్న ఇల్లు తన పేర పెట్టించుకోవడం, నికా అప్పుడు ఆమెకు ఇస్తానని ఒప్పుకొని ఇంకా ఇవ్వని మెహర్ సొమ్ము ఉంటే అడగడం చేయొచ్చు. మాట మీద కాకుండా కాగితం మీద ఉండాలి. ఆయన మొహమాటం ఉన్నది ఇప్పుడే, నికా అయ్యాక ఉండదు.

నికా తర్వాత కూడా దారులు మూసుకుపోవు. భర్త ఇంకో పెండ్లి చేసుకున్నాడన్న కారణం చాలు, ఆమె విడిగా ఉండి మనోవర్తి అడగడానికి. ముస్లిం భార్యకూ ఆ హక్కుందని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. 2024 జులైలో మన తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులో, విడాకులైన ముస్లిం స్త్రీ కూడా మామూలు చట్టం కిందే మనోవర్తి కోరవచ్చని మళ్ళీ చెప్పింది. ఖురాన్ ప్రకారం భార్యలను సమానంగా చూడకపోతే దాన్నే కారణంగా చూపి కోర్టులో విడాకులు తీసుకునే వీలు 1939 చట్టంలో ఉంది. భార్యే అడిగి తీసుకునే విడాకులు, ఖులా ఉంది. 2005 గృహహింస చట్టం కింద ఇంట్లోంచి గెంటకుండా ఉత్తర్వు తెచ్చుకోవచ్చు, దానికి ఏ మతమైనా ఒకటే. కోపంలో ఆయన మూడుసార్లు తలాక్ అన్నా అది చెల్లదు, 2019 చట్టం కింద ఆయనకే 3 ఏళ్ళ దాకా జైలు. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇచ్చే న్యాయ సేవాధికార సంస్థ జిల్లా కోర్టులోనే ఉంటుంది. ఆడవాళ్ళ సాయానికి సఖి కేంద్రం ఉంది, 181 ఫోన్ నంబరు ఉంది.

ఈ దారుల్లో ఒక్కటీ తేరగా రాదు. విడిగా ఉంటే పుట్టింట్లో తమ్ముళ్ళు, మరదళ్ళ మధ్య ముగ్గురు పిల్లలతో ఎన్నాళ్ళు? కేసు వేస్తే వాయిదాల రోజున ఆయన సంపాదన ఎంతో కాగితాలు ఎవరు తెస్తారు? బత్తాయి వ్యాపారంలో రాబడి రాతపూర్వకంగా ఎంత ఉంటుందో మీ జిల్లా వాళ్ళకు నేను చెప్పాలా! అదే ఇంట్లో ఉండిపోతే పిల్లల చదువు సాగుతుంది, ఆమె కంటికి నిద్ర దూరమవుతుంది. అన్నీ చూసుకొని ఆమె ఉండిపోతానంటే అది ఓటమి అని మీరు మొహం పెట్టకూడదు. వెళ్ళిపోతానంటే రెండు నెలలు పిల్లల్ని మీ ఇంట్లో ఉంచుకునే వీలుందో లేదో ఇప్పుడే మీ ఆయనతో మాట్లాడి పెట్టుకోండి. దానికి జవాబు లేకుండా మాత్రం ధైర్యం చెప్పడానికి పోవద్దు.

మిర్యాలగూడ ఆమె గురించి మీ ముగ్గురిలో ఎవరూ ఒక్క మాట అనలేదు. మొగుడు పోయి, ఎవరి ఇంట్లోనో చేయి చాచి బతుకుతూ ఉండొచ్చు. ఆమెనూ ఎవరో “ఒప్పుకో” అని ఉంటారు. సల్మా ముందు ఈ మాట ఎత్తొద్దు, ఇది ఆమెకిప్పుడు భారం. మీ మనసులో మాత్రం ఆమెను రాక్షసిని చేయకండి.

గ్రేస్, శాంతలతో గ్రూపులో ఈ వాదన మళ్ళీ తెరవద్దు. గ్రేస్ బైబిల్ వాక్యాలు పెడుతోందన్నారు కదా, జవాబివ్వకండి. సల్మా ఇంటికి వాళ్ళను తీసుకుపోవద్దు. ముగ్గురు కలిసి పోతే పంచాయితీ అవుతుంది. ఆదివారం పొద్దున్నే ఒక్కరే పోండి, ఆయన మార్కెట్‌కు వెళ్ళిపోయి ఉంటాడు, పిల్లలు ఇంకా లేవరు. గుమ్మంలోనే “ఆరోజు నేను నీ మాట వినలేదు” అనండి. అంతకుమించి సంజాయిషీ వద్దు, నాయిన సంగతి అసలే వద్దు. తలుపు వేసేస్తే వేయనివ్వండి, వారం ఆగి మళ్ళీ పోండి. లోపలికి రమ్మంటే, బీరువా వచ్చిందా, ఏ గదిలో పెట్టించాడు అని అడిగి, ఆమె చెప్పేదాకా ఊరుకోండి.